అక్క పోయాక నా మాటలు వినేవాళ్లు లేరు

ప్రశ్న: మాది పొదిలి దగ్గర పల్లె. వయసు అరవై దాటింది. మా ఆయన పోయాక నెల్లూరులో కొడుకు దగ్గర ఉంటున్నాను. కోడలిది తూర్పుగోదావరి. పోయిన నెల మనవడి పుట్టినరోజుకు వచ్చినవాళ్లతో "పైటాల అయింది, రొంత బువ్వ తిని పోండి" అన్నాను. మనవడు పగలబడి నవ్వాడు. నా కొడుకు అందరి ముందరా "అమ్మా, కాస్త సరిగ్గా మాట్లాడు" అన్నాడు. అప్పట్నుంచి అవసరానికి తప్ప నోరు తెరవడం లేదు. రోజూ సాయంత్రం మా అక్కతో ఫోన్లో మాట్లాడేదాన్ని. సంక్రాంతికి ముందు ఆమె పోయింది. మా అమ్మ, అక్క వాడిన మాటలన్నీ నోటుబుక్కులో రాసుకుంటుంటే కోడలు వింతగా చూస్తోంది. ఆమె వచ్చాకే ఇల్లు ఇలా మారింది. ఇప్పుడు నేను నా మాట మార్చుకోవాలా?

జవాబు: వద్దమ్మా, మార్చుకోవద్దు. మధ్యాహ్నమైంది, కొంచెం అన్నం తిని పోండి అని మీరన్న మాటలో తప్పు లేదు. ఇంటికొచ్చినవాళ్లను ఆకలితో పంపకూడదనే మర్యాద ఉంది. ఆ మర్యాద చేసినందుకే నలుగురిలో మాట పడాల్సి వచ్చింది. ఎవరికైనా బాధగానే ఉంటుంది.

అయితే ఒకటి గమనించండి. మీ కోపం ఎక్కువగా కోడలి మీదికి పోతోంది. ఆ మాట అన్నది మాత్రం మీ అబ్బాయి. కొడుకు మీద కోపం పెట్టుకోవడం తల్లికి కష్టం, కోడలి మీదైతే తేలిక. ఇది ఇలాగే సాగితే అసలు ఏం జరిగిందో అందరూ మర్చిపోతారు, అత్తాకోడళ్ల మధ్య పంతం మాత్రం మిగులుతుంది. కాబట్టి ముందు మీ అబ్బాయితో మాట్లాడండి. కోడలు, మనవడు లేనప్పుడు, అతను తీరిగ్గా ఉన్నప్పుడు. "అబ్బయ్యా, ఆ రోజు అందరి ముందర నువ్వన్న మాట నాకు కష్టమనిపించింది. ఏమన్నా చెప్పాలనుకుంటే ఇంట్లో చెప్పు" అనండి. అంతవరకే. పాత సంగతులు తవ్వకండి. అతను చిరాకు పడితే ఆ పూటకు వదిలేయండి, మాట అతని చెవిన పడింది కదా. అతను కూడా మీ ఒడిలో ఈ మాటలే నేర్చుకున్నాడు. బళ్లోనో ఆఫీసులోనో ఎవరో నవ్వితే మానుకుని ఉండవచ్చు. అమ్మ నోట అవే వినేసరికి ఆ సిగ్గు మళ్లీ గుర్తొచ్చిందేమో. మీరంటే చులకన అని మాత్రం అనుకోకండి.

మీ నోటుబుక్కు గురించి. అందులో ఉన్న మాటలన్నీ ఒకే కారణంతో పోలేదు. తవ్వ, సోల, మానిక, వీశె లాంటివి కొలతలతో పాటే పోయాయి. 1958 నుంచి దశలవారీగా కిలోలు, లీటర్లు వచ్చాయి, పాతవి మూలకు చేరాయి. బావులకు మోటార్లు వచ్చాక, ఎద్దులతో నీళ్లు తోడే కపిల పోయింది. పిడకల సెగ మీద, దాలిలో పాలు కాచేవాళ్లు లేకపోతే దాలి అనే మాటతో పని ఏముంది? ఇవి తల్చుకుంటే దిగులుగా ఉంటుంది, నిజమే, కానీ ఇందులో ఎవరి తప్పూ లేదు. పైటాల, రొంత, గమ్మునుండు సంగతి వేరు. మధ్యాహ్నం ఇప్పటికీ అవుతుంది, కొంచెం కూర ఇప్పటికీ వడ్డించుకుంటాం, అల్లరి చేసే పిల్లల్ని ఊరుకోమని ఇప్పటికీ అంటాం. ఈ మాటలు పోయింది నామోషీ వల్ల. మిమ్మల్ని గుచ్చుతున్నదీ ఇవే అనుకుంటాను.

ఆ నామోషీకి అర్థం లేదు. భాషాశాస్త్రంలో ప్రపంచం గౌరవించిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1928లో పుట్టింది ఒంగోల్లోనే. రైతుల నోట పలికే వ్యవసాయ పదాలను ఊళ్ల నుంచి సేకరింపజేసి 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు. తెలుగును నాలుగు మాండలికాలుగా చూసిన ఆయన, నెల్లూరును రాయలసీమతో కలిపి దక్షిణ మండలంలో ఉంచారు. మీ పొదిలి కూడా 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోదే. అంటే మీరు పరాయి ఊళ్లో పరాయి మాట ఏమీ మాట్లాడటం లేదు. కుదిరినప్పుడు ఈ సంగతి మీ అబ్బాయికి చెప్పండి, వాదనలా కాకుండా కబురులా.

మనవడి నవ్వుకు బాధపడకండి. పిల్లలు కొత్త శబ్దం వింటే నవ్వుతారు. వాణ్ని కూర్చోబెట్టి "ఈ మాటకు అర్థం చెప్పు" అని పరీక్షలు మాత్రం పెట్టకండి, పారిపోతాడు. బియ్యం కొలిచేటప్పుడు పిలవండి. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని గిన్నెలతో వాడి చేతే కొలిపించండి. ఇల్లంతా బియ్యం పోస్తాడు, పోయనివ్వండి. "రొంత నీళ్లు తేరా" అని మామూలుగా అడుగుతూ ఉంటే వాడికే అలవాటవుతుంది.

కోడలి దగ్గర కూడా ఇలాంటి మాటలు ఉంటాయి. గోదావరి యాసను నెల్లూరులో ఎవరూ ఎగతాళి చేయలేదంటే నేను నమ్మను. వంట దగ్గర ఉన్నప్పుడు "దీన్ని మీ అమ్మగారింట్లో ఏమంటారమ్మా?" అని అడిగి చూడండి. ఆమె చెప్పింది మీ నోటుబుక్కులో ఆమె ముందరే రాయండి. ఆమెకు మీరు రాసేదేమిటో ఎవరూ చెప్పి ఉండరు. తెలియకపోతే ఎవరికైనా వింతగానే ఉంటుంది.

ఇక మీ అక్క. ఉత్తరంలో ఆమె గురించి రెండు ముక్కలే రాశారు, కానీ మీ దిగులంతా అక్కడే ఉందనిపిస్తోంది. మీరు ఒకటంటే వెంటనే దానికి తగ్గ మాట అందించే మనిషి పోయింది. మనవడు ఎన్ని మాటలు నేర్చుకున్నా ఆ లోటు తీర్చలేడు, తీర్చాలని వాడి మీద ఆశ పెట్టుకోకండి. ఆ సాయంత్రం వేళకు అక్క కూతురికి ఫోన్ చేయండి. ఆ పిల్లకూ అమ్మ మాట వినపడక వెలితిగా ఉంటుంది. ఊళ్లో మీ ఈడు వాళ్లుంటే పండక్కో తిరునాళ్లకో వెళ్లి నాలుగు రోజులుండి రండి. నోటుబుక్కులో ఉత్త మాటలు కాకుండా, అక్క ఆ మాట ఎప్పుడు, ఎవరిని అందో కూడా రాయండి. రాస్తూ ఏడుపొస్తే ఏడవండి.

రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, దేనిమీదా మనసు పోకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఈలోపు ఎవరితోనైనా చెప్పుకోవాలనిపిస్తే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మీరు మీ యాసలోనే చెప్పండి.