చెన్నై ధర 62 అని చూపిస్తే చెన్నై గెలిచినట్టేనా?

తమ్ముడూ, చిత్తూరు నుంచి నువ్వు అడిగినవి మూడు. చెన్నై, ముంబై మ్యాచ్‌కి అంచనాల మార్కెట్‌లో, అంటే ఎవరు గెలుస్తారో డబ్బు పెట్టి చెప్పే యాప్‌లో, చెన్నై ధర 62 ఉంటే ఆ జట్టు గెలుస్తుందనేనా? గెలిచినవాళ్లకు డబ్బు ఎవరిస్తారు? మనం ఇక్కడ ఆడొచ్చా? 2023లో బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఇలాంటి యాప్‌లో ఒక సీజనంతా డబ్బు పెట్టాను. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను.

మా నాన్న మదనపల్లె మార్కెట్‌కి టమాటా తీసుకెళ్లేవారు. అక్కడ పొద్దున రేటు ఒకటి, లోడు ఎక్కువ దిగితే కాసేపటికే ఇంకొకటి. వేలంలో పాడేవాళ్లు ఎంతకు పాడితే అదే రేటు. ఇక్కడా ధర కంపెనీ పెట్టదు. చెన్నై గెలుస్తుందని 62 పెట్టేవాడు, గెలవదని 38 పెట్టేవాడు దొరికితే ఇద్దరిదీ కలిపి వంద. మ్యాచ్ అయ్యాక ఆ వంద ఒకడికే, రెండోవాడికి సున్నా. అంటే నీకొచ్చేది అవతలివాడు పోగొట్టుకున్నదే. మధ్యలో యాప్ తన రుసుము కోసుకుంటుంది. నేను ఆడిన యాప్‌లో వందకు బదులు 10 రూపాయలు ఉండేది. అమెరికాలో కాల్షీ అనే అంచనాల మార్కెట్‌లాంటి చోట ఒక డాలరు, ధర సెంట్లలో. లెక్క ఒకటే.

62 అంటే ఇలాంటి మ్యాచ్‌లు వంద జరిగితే 62 చెన్నైవి అని జనం అంచనా. అది నిజమే అనుకో. ప్రతిసారీ 62కి కొంటే, 62 సార్లు 38 చొప్పున వస్తుంది, 38 సార్లు 62 చొప్పున పోతుంది. రెండూ 2,356. మిగిలేది ఏమీ లేదు, రుసుము అదనపు నష్టం. జట్టు గురించి బాగా తెలిస్తే చాలదు, ఆ ధరకు తెలియనిది నీకు తెలియాలి.

నాకు ఇది అర్థమైంది 2023 ఐపీఎల్ ఫైనల్ రాత్రి. వాన వల్ల చెన్నై లక్ష్యం 15 ఓవర్లలో 171కి మారింది. చివరి ఓవర్లో 13 కావాలి. గుజరాత్ బౌలర్ మోహిత్ శర్మ మొదటి నాలుగు బంతులకు ఇచ్చింది మూడే. టెన్షన్ తట్టుకోలేక చెన్నై గెలుస్తుందని నేను కొన్న వాటాలు చాలా తక్కువకు అమ్మేశాను. తర్వాత జడేజా సిక్స్, ఫోర్. నా ఫోన్‌లో బౌలర్ ఇంకా పరిగెత్తుతుండగానే యాప్‌లో ధర ఎగిరిపోయింది. నా ఫోన్‌కి ఆట కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తోంది, ముందే చూసినవాళ్లు ముందే కొనేశారు. అలాంటివాళ్లతో ఆడుతున్నానని సీజనంతా నాకు తట్టలేదు. అయినా ఆ తక్కువ ధర తప్పని ఇప్పటికీ అనను. రెండు బంతుల్లో 10 పరుగులు కొట్టడం అరుదే.

వాన పడి మ్యాచ్ రద్దయితే, సూపర్ ఓవర్‌కి వెళితే ఏం చేస్తారో ప్రతి కాంట్రాక్టులో, అంటే ఒక్కో పందెం షరతుల్లో, ముందే రాసి ఉంటుంది. టెస్టుల్లో డ్రా కూడా ఉంది కాబట్టి ‘చెన్నై కాకపోతే ముంబై’ లాంటి రెండు ముక్కల లెక్క అక్కడ నడవదు.

ఇక చట్టం. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రం వాటిని దేశమంతటా నిషేధిస్తూ చట్టం తెచ్చింది. కాబట్టి ఆడకు. దొంగదారి యాప్‌లు ఎవరైనా చూపించినా వద్దు.

నీకు ఆసక్తి లెక్క మీదైతే నోట్‌బుక్ చాలు. ప్రతి మ్యాచ్‌కి ముందు నీ అంచనా అంకె రాసుకో, ఫలితం పక్కన పెట్టు. సీజను చివర్లో నువ్వు 60, 70 మధ్య రాసిన జట్లు వందకి ఎన్ని గెలిచాయో లెక్కపెట్టు. అదీ 60, 70 మధ్యే ఉంటే నీ అంచనా బాగున్నట్టు.