లోయర్ ఆర్మ్‌లు మార్చాక ఎడమకు లాగుతున్న కారు

ముందు చక్రాల స్ట్రట్లు (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగాలు), లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని కింద కారు చట్రానికి కలిపే కడ్డీలు) మార్పించాక కారు ఎడమకు లాగుతోందని, బెంగళూరులోనే రెండుసార్లు అలైన్‌మెంట్ (చక్రాల కోణాల సర్దుబాటు) చేయించినా మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రావడం లేదని మీరు రాశారు. దయచేసి మూడోసారి అలైన్‌మెంట్‌కు డబ్బు పెట్టకండి. టోలో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణంలో, తేడా ఉంటే స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది, టైర్లు అరుగుతాయి; కానీ కారును ఒక పక్కకు లాగేది ఎక్కువగా క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు వాలిన కోణం), క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం)లలో కుడి ఎడమల తేడా, లేదా టైరు, లేదా పట్టేసిన బ్రేకు.

ముందు చక్రాలు రెండింటినీ అటూ ఇటూ మార్చి నడపండి. లాగుడు కుడికి మారితే లోపం టైరుదే. మన రోడ్లు నీరు పోవడానికి సాధారణంగా ఎడమ అంచుకు వాలుగా ఉంటాయి కనుక, చదునైన చోట చూడడం ముఖ్యం.

మారకపోతే, నా అనుమానమంతా ఆర్మ్ బుష్‌ల (ఆర్మ్‌ను చట్రానికి బిగించే చోట ఉండే రబ్బరు ముక్కల) మీదే. కారు లిఫ్ట్ మీద, ఆర్మ్ కిందికి వేలాడుతుండగా బోల్టులు బిగిస్తే, కారు నేలకు దిగాక రబ్బరు మెలిపడి ఉండిపోయి, ఆర్మ్‌ను ఎప్పుడూ ఒక వైపుకు నెడుతుంది. బరువంతా చక్రాలపై ఉండగా ఆ బోల్టులు వదులు చేసి, కారును కొన్నిసార్లు కిందికి అదిమి, మాన్యువల్ చెప్పిన టార్క్‌తోనే (బిగింపు బలంతోనే) తిరిగి బిగించమనండి.

స్టీరింగ్ వెనక్కి రాకపోవడానికి స్ట్రట్ పైభాగంలో ఉండే బేరింగ్ కూడా కారణం కావచ్చు. కారు ఆపి ఉంచి, ఒకరు స్టీరింగ్ తిప్పుతుండగా స్ప్రింగ్‌ను గమనించండి. అది సాఫీగా తిరగక టక్కున ఎగిరితే బేరింగ్ సరిగా కూర్చోలేదు. ఇవి సరిచేశాకే అలైన్‌మెంట్ చేయించి, క్యాంబర్, క్యాస్టర్ అంకెలున్న ప్రింటు తప్పక అడిగి తీసుకోండి.