నారోబోట్ మీద కాపురం: మిక్సీ నడుస్తుందా, టాయిలెట్ సంగతేంటి, లాకులు ప్రమాదమా?

మీరు అడిగింది ఇదీ: ఇంగ్లండ్‌లో 57 అడుగుల నారోబోట్ (కాలవల మీద తిరిగే సన్నటి ఇంటి పడవ) కొని, సొంత రేవు లేకుండా కాలవల వెంట తిరుగుతూ ఇద్దరు మనుషులు కాపురం ఉండొచ్చా, మన వంటకి కరెంటు చాలుతుందా, లాకులంటే (కాలవ ఎత్తుపల్లాల దగ్గర నీళ్లు నింపి, తీసి పడవని ఎక్కించి దించే తలుపుల గదులు) భయపడాలా అని.

ఉండొచ్చు. 57 అడుగులు సరైన కొలతే. పడవ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు, సన్న లాకు వెడల్పు 7 అడుగులు, అక్కడ అందరిదీ ఒకటే లెక్క. పొడవు దగ్గరే తేడా. 70 అడుగులది కొంటే లీడ్స్–లివర్‌పూల్ కాలవలో విగాన్ దాటాక లాకుల్లో పట్టదు.

లైసెన్సు ముచ్చట ముందు తేల్చుకోండి. సొంత రేవు లేనివాళ్లు ఒకచోట 14 రోజులకు మించి ఉండకూడదు. ఇది 1995 నాటి చట్టం, అమలు చేసేది కాలవల బాగోగులు చూసే సంస్థ, కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్. రెండు వంతెనల మధ్య అటూ ఇటూ తిరిగితే ప్రయాణం కింద ఒప్పుకోరు. పిల్లల బడి, రోజూ ఆఫీసు ఉన్నవాళ్లకి ఇదే పెద్ద చిక్కు. 2024 ఏప్రిల్ నుంచి ఇలా తిరిగేవాళ్లకి లైసెన్సు రుసుం మీద అదనపు వడ్డన కూడా ఉంది. నాలుగేళ్లకోసారి చేయించే బోట్ సేఫ్టీ సర్టిఫికెట్, ఇన్సూరెన్సు లేకపోతే లైసెన్సే రాదు. ఇంకోటి: మరమ్మతుల కోసం నవంబరు నుంచి మార్చి దాకా ఎక్కడికక్కడ లాకులు మూసేస్తారు. ఆ జాబితా చూడకుండా బయల్దేరితే మీరు ఒకవైపు, నీళ్ల కుళాయి ఇంకోవైపు.

ఇక కరెంటు. 110 ఆంపియర్ అవర్ (బ్యాటరీలో పట్టే కరెంటుకి కొలత) బ్యాటరీలు నాలుగుంటే కాగితం మీద 440. లెడ్ యాసిడ్ రకాన్ని సగానికి మించి తోడకూడదు కాబట్టి చేతికొచ్చేది 220. అందులో 12 వోల్టుల ఫ్రిజ్ రోజుకి 40 దాకా తాగుతుంది. 750 వాట్ల మిక్సీ ఐదు నిమిషాల పచ్చడికి 6 తీసుకుంటుంది. చిన్న టేబుల్ టాప్ గ్రైండర్ 150 వాట్లే, అరగంట రుబ్బినా 7. అసలు దొంగ రైస్ కుక్కర్. 700 వాట్లంటే, ఇన్వర్టర్ నష్టం కలుపుకుని 65 ఆంపియర్లు లాగుతుంది, 25 నిమిషాలకి 27 పోయినట్టే. ఇంజను నడుస్తున్నప్పుడు వాడండి, లేదంటే గ్యాసు మీద ప్రెషర్ కుక్కర్ పెట్టండి. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకం 1500 వాట్లకి తగ్గకుండా తీసుకోండి, మిక్సీ మోటారు తిరగడం మొదలెట్టే క్షణంలో మామూలుకి రెండింతల పైనే లాగుతుంది.

బ్యాటరీలు 80 శాతం దాకా త్వరగానే ఎక్కుతాయి. మిగతా 20కి నాలుగైదు గంటలు పడుతుంది, అక్కడే చాలామంది విసుగొచ్చి ఇంజను ఆపేస్తారు. వారాల తరబడి అలా అరకొరగా ఎక్కిస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి ఏడాదిలోనే బ్యాటరీలు చస్తాయి. పడవ కట్టేసి ఉన్నప్పుడు రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా ఇంజను వేయకూడదన్న షరతుంది కాబట్టి పగలే చూసుకోవాలి. డిసెంబరు, జనవరుల్లో సోలార్ మీద ఆశ పెట్టుకోకండి. లిథియం పెడితే ఈ బాధ తప్పుతుంది గానీ అది ఎంతిస్తే అంత లాగేసి ఆల్టర్నేటర్‌ని (ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించేది) మాడ్చేస్తుంది, మధ్యలో ఆ లాగుడుని అదుపు చేసే బ్యాటరీ టు బ్యాటరీ చార్జర్ ఉండాల్సిందే.

గ్యాసు ప్రొపేనే తీసుకోండి. బ్యూటేన్ చలికాలంలో సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కాదు, సిలిండర్ నిండుగా ఉన్నా పొయ్యి వెలగదు. గోడలకున్న గాలి కన్నాలు చలేస్తోందని గుడ్డలు కుక్కి మూయకండి. బొగ్గు స్టవ్ ఉన్న పడవలో అదే చావు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. అలారం 2019 నుంచి తప్పనిసరి. స్టవ్‌లోంచి తీసిన బూడిద బకెట్‌ని కూడా లోపల ఉంచకూడదు, నిప్పు ఆరినట్టే కనిపిస్తూ గాలిని విషం చేస్తుంది. అన్నం, పప్పు ఉడికిన ఆవిరి ఇనుప గోడకి తగిలి నీరై కారుతుంది, వంట చేసినంతసేపూ ఒక కిటికీ తీసే ఉంచండి.

ట్యాంకు 500 లీటర్లయితే ఇద్దరికి పొదుపుగా 8–10 రోజులు. మీటరు ఉన్నా నమ్మొద్దు. ట్యాంకు పడవ ముక్కు దగ్గరుంటుంది కాబట్టి ఖాళీ అవుతున్నకొద్దీ ముక్కు పైకి లేస్తుంది, స్నానాల గదిలో నీరు మునుపటి మూలకి పోకుండా ఇంకో మూల నిలుస్తుంది. అది చూసి చెప్పొచ్చు. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా పంపు ఉండుండి టకటకమంటే ఎక్కడో కారుతోందని అర్థం. సింకు నీళ్లు నేరుగా కాలవలోకే పోతాయి, నూనె మూకుడు ముందు కాగితంతో తుడిచి కడగండి.

టాయిలెట్ గురించి ఇక్కడివాళ్ల సలహాలు మనకి పూర్తిగా సరిపోవు. నీళ్లతో కడుక్కునే అలవాటు మనది. ఇప్పుడు అందరూ మెచ్చుకునే కంపోస్ట్ రకంలో ఘనం పొడిగా ఉండాలి, ఒక్క చెంబు నీళ్లు పడినా పాడై కంపు కొడుతుంది. పైగా ఆ చెత్తని ట్రస్ట్ డబ్బాల్లో వేయడానికి ఒప్పుకోరు. క్యాసెట్ రకమే (కింది డబ్బా బయటికి లాగి మోసుకుపోయి ఒంపేది) మేలు. దాదాపు 20 లీటర్లు పడుతుంది. కాగితం వాడేవాళ్లకి మూడు రోజులొస్తే మనకి రెండే అనుకోండి, కాబట్టి క్యాసెట్లు మూడు ఉంచుకోండి. ఎల్సన్ పాయింట్లో (క్యాసెట్లు ఖాళీ చేసే చోటు) ఒంపేటప్పుడు గాలి మీట నొక్కి పట్టుకోండి, లేకపోతే గుడగుడమని ఎగిరి మీద పడుతుంది.

లాకుల సంగతి. ధవళేశ్వరం, విజయవాడ కాలవలు ఎరిగినవాళ్లకి లాకు కొత్త కాదు. అక్కడ లస్కర్లు (కాలవ సిబ్బంది) తిప్పేవారు, ఇక్కడ విండ్లాస్ అనే వంపు హ్యాండిల్‌తో మీరే తిప్పుకోవాలి. ఒకరు చుక్కాని దగ్గర, ఒకరు గట్టు మీద. పడవలు ఎక్కువగా మునిగేది దిగేటప్పుడే. పై తలుపుల కింద నీటిలో సిల్ అనే అరుగుంటుంది. లాకు నిండుగా ఉన్నప్పుడు కనపడదు, నీరు దిగేకొద్దీ బయటపడుతుంది. పడవ వెనక భాగం దాని మీద కూర్చుంటే ముక్కు నీటితో పాటు కిందికి పోయి, ముందు తలుపులోంచి నీళ్లు లోపలికొస్తాయి. నిమిషాల్లో అయిపోతుంది. గోడ మీద తెల్ల గీత ఉంటుంది, చుక్కానితో సహా పడవంతా దానికి ముందుండాలి. 70 అడుగుల లాకులో మీకు 13 అడుగులు మిగులుతుందని ధీమా పడకండి, నీరు కదిలితే పడవ వెనక్కి జరగొచ్చు. దిగేటప్పుడు తాడు ముడేయకూడదు, గుంజకి ఒక చుట్టు తిప్పి వదులుతూ ఉండాలి. చిక్కుకుంటే వెంటనే కింది తూములు (నీళ్లు వదిలే పలకలు) దించి మూయాలి, ఆ తర్వాతే పై తూములు నెమ్మదిగా ఎత్తాలి. ఇంజను మోతలో కేకలు వినపడవు, చేతి సైగలు ముందే అనుకోండి.

ఎక్కేటప్పుడు గోడలోని తూములు ముందు, తలుపులోవి తర్వాత. తలుపు కన్నం నీళ్లలో మునగకముందే ఎత్తితే ధార నేరుగా మీ ముందు గదిలోకే. విండ్లాస్‌ని ఇరుసు మీద వదిలి పక్కకి పోకండి, పళ్ల చక్రానికున్న మీట జారితే అది గిర్రున తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది.

ప్రొపెల్లర్‌కి గుడ్డో ప్లాస్టిక్కో చుట్టుకోవడం మామూలే. వేగం తగ్గి, పొగ పెరిగి, చుక్కాని వణికితే అదే. ఇంజను ఆపి తాళం తీసి జేబులో వేసుకుని, వీడ్ హ్యాచ్ (ప్రొపెల్లర్‌కి చెయ్యి అందేలా పైనున్న కన్నం) మూత తెరిచి, రంపపు పళ్ల రొట్టె కత్తితో కోసెయ్యండి. మూత తిరిగి బిగించాక ఇంజను మెల్లగా వేసి, టార్చితో అంచు చుట్టూ చూడండి. సరిగా కూర్చోకపోతే ప్రొపెల్లర్ చిమ్మే నీళ్లు ఇంజను గదిలోకొచ్చేస్తాయి. అదే టార్చి వెలుగులో షాఫ్ట్ (ప్రొపెల్లర్‌ని తిప్పే కడ్డీ) పడవలోంచి బయటికి పోయేచోట నీళ్లు రాకుండా ఆపే గ్లాండ్ కూడా చూడండి. తిరుగుతున్నప్పుడు అప్పుడప్పుడు ఒక చుక్క పడితే మంచిదే. ఆపాక కూడా పడుతుంటే గ్రీజరు (గ్లాండ్‌లోకి గ్రీజు నెట్టే మర) ఒకటి రెండు చుట్లు బిగించండి. అయినా ఆగకపోతే ప్యాకింగ్ అరిగినట్టు, మార్పించాలి.