వంటింటి స్లాబు తక్కువ ఎత్తులో ఉంటే...

ప్రశ్న: మాది 1980లలో ఇటుక గోడలతో కట్టిన ఇల్లు. వంటగది 10 అడుగుల పొడవు, 7.5 అడుగుల వెడల్పు. నేల నుంచి స్లాబు 8 అడుగుల 2 అంగుళాలే ఉంది. పైగా మూడు వైపులా ఆరున్నర అడుగుల ఎత్తులో సిమెంటు అటకలు. లోపలికెళ్తే ఊపిరాడనట్టుంటుంది. అటకలు కొట్టించి, నేల మీద టైల్స్ వేయించి, మాడ్యులర్ కిచెన్, చిమ్నీ పెట్టించాలనుకుంటున్నాం. ఫాల్స్ సీలింగ్ వేస్తే బాగుంటుందని కార్పెంటర్ అంటున్నాడు. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, మావారు 5 అడుగుల 8 అంగుళాలు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఫాల్స్ సీలింగ్ వద్దే వద్దు. ఫ్రేము, బోర్డు కలిసి నాలుగైదు అంగుళాలు మింగేస్తాయి. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం వంటగది ఎత్తు 2.75 మీటర్లకు, అంటే సుమారు తొమ్మిది అడుగులకు, తగ్గకూడదు. మీకు ఇప్పటికే పది అంగుళాలు తక్కువ. స్లాబుకి తెల్లరంగు వేయించి, అంటించి బిగించే పల్చటి ఎల్‌ఈడీ ప్యానెల్ ఒకటి పెట్టండి. పై అరల అడుగున ఎల్‌ఈడీ పట్టీ వేయించండి. పైన లైటొక్కటే ఉంటే మీ నీడ మీరు తరిగే కూరగాయల మీదే పడుతుంది.

అటకల సంగతి జాగ్రత్తగా చూడాలి. ముందు బయటికెళ్లి కిటికీ మీది సజ్జ చూడండి. సజ్జ, లోపలి అటక ఒకే ఎత్తులో ఉంటే రెండూ కిటికీ మీది కాంక్రీటు దూలంతో, అంటే లింటెల్‌తో కలిపి ఒకేసారి పోసినవై ఉండొచ్చు. అప్పుడు లోపలి అటక బరువు బయటి సజ్జను ఆపుతూ ఉంటుంది. అటక కొట్టేస్తే సజ్జ బరువంతా లింటెల్‌ను బయటివైపు మెలిపెడుతుంది. కొన్నాళ్లకు లింటెల్ పొడవునా పగులు తేలుతుంది. అందుకే కిటికీ గోడ మీది అటకను ఇంజినీరుకు చూపించకుండా ముట్టుకోవద్దు. ఉంచేసినా నష్టం లేదు, దానికి తలుపులు పెట్టిస్తే అరగా పనికొస్తుంది. మిగతా రెండు వైపులవి తీయించండి. అవి కడప బండలైతే పని ఇంకా తేలిక.

సిమెంటు అటకైతే ముందు కింద సెంట్రింగ్ జాకీలు, అంటే ఇనుప ఊతలు, నిలబెట్టాలి. తర్వాత కటింగ్ మిషన్‌తో రెండేసి అడుగుల ముక్కలుగా గీతలు కోయించి, బయటి అంచు నుంచి గోడవైపు చిన్న సుత్తి, ఉలితో కొట్టుకుంటూ రావాలి. పెద్ద బ్రేకర్ పెడితే ఆ అదురుకు ఇటుక గోడ కీళ్లు వదులవుతాయి, అవతలి గది ప్లాస్టరింగ్ రాలుతుంది. తేలిన చువ్వల్ని గోడ మట్టానికి కాకుండా అర అంగుళం లోపలికి కోయించండి. చివరలకు తుప్పు పట్టని జింక్ ప్రైమర్ పూసి, బాండింగ్ ద్రావణం రాసి, ఒకటికి నాలుగు సిమెంటు ఇసుక మాలుతో మూసేయాలి. ఇక్కడే చాలామంది మేస్త్రీలు తొందరపడతారు. చువ్వ కొస బయటికి ఉంటే తుప్పుతో ఉబ్బి, వానాకాలానికల్లా పెచ్చులూడుతుంది.

నేలకి వద్దాం. పాత మొజాయిక్ మీద సిమెంటు మాలు పరిచి టైల్స్ వేస్తే రెండు అంగుళాలు పోతాయి. టైల్ అడ్హెసివ్‌తో నేరుగా అంటిస్తే అర అంగుళంతో సరి. అయితే రూపాయి బిళ్లతో నేలంతా తట్టి చూడండి. డొల్ల మోత వచ్చినచోట పాతది తవ్వి పూడ్చాకే టైల్ అంటించాలి. పాత నేలమీది నూనె, మైనం కడిగి, నునుపు పోయేలా గరుకు చేయకపోతే టైల్ ఊడొస్తుంది. తలుపు అడుగు అర అంగుళం చివ్వించడం మరిచిపోవద్దు.

ఇప్పుడు లెక్క. 98 అంగుళాల్లో నేలకి అర పోగా 97.5 మిగిలాయి. గ్రానైటుతో కలిపి వంటగట్టు 33 అంగుళాలు, మీ ఎత్తుకు ఇది సరిపోతుంది. దాని మీద 22 అంగుళాలు ఖాళీ. అక్కడి నుంచి 28 అంగుళాల పై అర, దాని మీద పండగ సామాన్లకు 12.5 అంగుళాల అర. మిగిలిన 2 అంగుళాలు స్లాబు కిందికి ఫిల్లర్ పట్టీ. ఈ పట్టీ ఎందుకంటే, పాత స్లాబులు మట్టంగా ఉండవు. నాలుగు మూలలా, మధ్యలో కొలిపించండి. అర అంగుళం, అంగుళం తేడా వస్తుంది. అర డబ్బాను నేరుగా స్లాబుకి ఆనిస్తే ఒకచోట తలుపు బిగుసుకుంటుంది, ఇంకోచోట సందు కనిపిస్తుంది. పైన ఖాళీ వదిలేస్తే మాత్రం నూనె జిడ్డు, దుమ్ము పేరుకుని బొద్దింకలకు కాపురం పెట్టినట్టే. పైకి లేచే హైడ్రాలిక్ తలుపులు వద్దు, మీకు అందకుండా పోతాయి. పక్కకి తెరుచుకునేవే పెట్టించండి.

చిమ్నీ అడుగు పొయ్యికి 26 నుంచి 30 అంగుళాల పైన ఉండాలి. పొయ్యి ఎత్తు 5, మధ్యలో 28 అనుకుంటే నేల నుంచి 66 అంగుళాలు. మీవారి నుదురు తగిలే ఎత్తిది! అందుకని ముందుకు చొచ్చుకొచ్చే రకం కాకుండా గోడవైపు వాలుగా ఉండే మోడల్ చూడండి. కొనేముందు చిమ్నీ బాడీ, దాని మీది గొట్టం మెలిక కలిపి ఎంత ఎత్తో అడగండి, మీ దగ్గర 31 అంగుళాలే ఉన్నాయి. 6 అంగుళాల గొట్టాన్ని దగ్గరి దారిన బయటికి పంపాలి. ఒక మెలిక మంచిది, రెండు మించకూడదు. లింటెల్‌ను తొలిచి రంధ్రం చేయనివ్వకండి. లింటెల్‌కూ స్లాబుకూ మధ్యలో చోటు లేకపోతే కిటికీ పై అద్దం తీసి, అల్యూమినియం రేకుకి రంధ్రం చేయించి, అందులోంచి గొట్టం పంపొచ్చు.

గ్యాస్ బండను గట్టు కింద అరలో పెడితే తలుపు అడుగున గాలి రంధ్రాలు తప్పనిసరి. వంటగ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందికే దిగుతుంది.

ప్రశ్న: అపార్ట్‌మెంట్‌లో మా వంటగది పైన పై ఫ్లాట్ వాళ్ల బాత్రూం ఉంది. ఒక పక్కన స్లాబు కింద వేలాడే పైపుల్ని దాచడానికి బిల్డర్ గదంతా ఏడున్నర అడుగుల దగ్గర జిప్సం సీలింగ్ వేశాడు. ఇప్పుడు అందులో మరక తేలింది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: గదంతా ఎత్తు తగ్గించాల్సిన అవసరమే లేదు. నియమావళి కూడా పై అంతస్తు ట్రాప్ (బాత్రూం నీళ్లు దిగే వంపు గొట్టం) ఉండే భాగానికే మినహాయింపు ఇస్తుంది. జిప్సం తీయించేసి, పైపులున్న పట్టీ మేరకే, అన్నిటికన్నా కిందికున్న ట్రాప్‌కి అంగుళం కింద ఫ్రేము కట్టించండి. అందులో రెండడుగుల చదరపు కాల్షియం సిలికేట్ పలకలు పెడితే, లీకు వచ్చినప్పుడు ఎత్తి చూసుకోవచ్చు. మరక మాత్రం కింద నుంచి ఎంత పూసినా పోదు. పై ఫ్లాట్‌లో ట్రాప్ చుట్టూ కీలు, టైల్స్ సందులు బాగుచేయించాల్సిందే. అది పూర్తయి, స్లాబు ఆరాకే మీ పని మొదలుపెట్టండి.

ప్రశ్న: మా పెంకుటింట్లో వంటగది వెనక పంచలో ఉంది. ఒకవైపు తొమ్మిదడుగులు, చూరువైపు ఆరడుగులే. గట్టు ఎటు కట్టించాలి?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: పొయ్యి ఎత్తైన గోడవైపు. చూరు కింద పొయ్యి పెడితే వాసాలకు సెగ తగులుతుంది, పొగ తల దగ్గరే తిరుగుతుంది. చూరువైపు బియ్యం డబ్బాలు, బీరువాలాంటివి సర్దండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎత్తైన వైపు గోడ పైభాగాన ఉండాలి.

ప్రశ్న: ఎనిమిదడుగుల వంటగదిలో సీలింగ్ ఫ్యాన్ వేయొచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వద్దు. చేయెత్తితే రెక్క తగులుతుంది, పొయ్యి మంట కూడా రెపరెపలాడుతుంది. పొయ్యికి ఎదురు కాకుండా గోడకి తిరిగే ఫ్యాను, కిటికీ పైన 9 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను చాలు.