తొమ్మిది మ్యాచ్‌లు ఎక్కడ తమ్ముడూ?

తమ్ముడూ,

నీ కథ నిన్న రాత్రి చదివాను, కోపంతో నిద్ర పట్టలేదు. "ఆ ఏడాది వాళ్ళు తొమ్మిది మ్యాచ్‌లూ గెలిచారు" అని రాసి ఫుల్‌స్టాప్ పెట్టేశావు. 1951లో యూనివర్సిటీ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ఆడిన సీజన్ మొత్తానికి ఒక్క వాక్యమా? ఆ తర్వాత పేజీలకి పేజీలు కన్నీళ్ళు, ఆ టీమ్‌లో మార్కెట్టి నోట్లో పెట్టిన అంత పొడుగు ఉపన్యాసం.

టాలర్ మోకాలి గురించి రాసిన పేరా బాగుంది, దాన్ని ముట్టుకోకు.

ఆలీ మాట్సన్, బర్ల్ టాలర్ నల్లజాతి కుర్రాళ్ళు, వాళ్ళిద్దర్నీ వదిలేసి వస్తే దక్షిణాదిలో బౌల్ మ్యాచ్‌కి, అంటే సీజన్ చివర్లో మంచి టీమ్‌లని పిలిచి ఆడించే పెద్ద మ్యాచ్‌కి, పిలుస్తామన్నారు, టీమ్ మొత్తం రామంది. ఇంతవరకు ఎవడైనా ఫోన్‌లో రెండు నిమిషాల్లో చదువుకుంటాడు, దానికి నీ కథెందుకు? ఆ కుర్రాళ్ళు దేన్ని వదులుకున్నారో తెలియాలంటే ముందు వాళ్ళ ఆట కనపడాలి. నా నమ్మకం ఇదే, ముప్ఫై ఏళ్ళుగా ఇదే చెప్తున్నా, ఆట రాయనివాడు ఆటగాళ్ళ గురించి రాయకూడదు.

నువ్వు ఆట చూడలేదని మూడో పేజీలోనే తెలిసిపోయింది. మాట్సన్ బంతిని తన్ని గోల్ కొట్టాడని రాశావు. మన పాఠకుడికి ఫుట్‌బాల్ అంటే హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ కుర్రాళ్ళ ఆటే గుర్తొస్తుంది, కాబట్టి ఇది వేరే ఆటని నువ్వే చూపించాలి. బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తాలి, ఎదుటి పదకొండు మందీ మీద పడి పడగొట్టాలని చూస్తారు, అవతలి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఆ ఏడాది మాట్సన్ 1566 గజాలు పరిగెత్తాడు, 21 టచ్‌డౌన్లు చేశాడు, పరుగులో దేశం మొత్తం మీద అతనే ఫస్ట్. కానీ ఆ పరుగు ఒక్కడివల్ల అయ్యేది కాదు. ముందున్న లైన్‌లో వాళ్ళు ఎదుటివాళ్ళని భుజాలతో నెట్టి సందు తెరిస్తేనే వెనకవాడు దూరగలడు. ఆ నెట్టేవాళ్ళలో జీనో మార్కెట్టి ఒకడు, పద్దెనిమిదేళ్ళకే సైన్యంలో చేరి యూరప్‌లో బల్జ్ యుద్ధంలో పోరాడొచ్చినవాడు. బాబ్ సెయింట్ క్లెయిర్ ఇంకొకడు, ఆరడుగుల తొమ్మిది అంగుళాల మనిషి. టాలర్ డిఫెన్స్‌లో లైన్‌బ్యాకర్, ఎదుటి టీమ్ పరుగుని అడ్డుకునేవాడు. మాట్సన్ పరుగు కోసం వీళ్ళు దెబ్బలు తిన్నారు, వీళ్ళ గెలుపు కోసం టాలర్ తిన్నాడు. సీజనంతా ఒంటితో చేసిన పనే చివర్లో "మేం రాం" అన్న మాటయ్యింది. వాళ్ళు తర్వాత చెప్పుకున్న జ్ఞాపకాల్లో కూడా పెద్ద చర్చేం లేదు, అలాంటి చోట నువ్వు ఉపన్యాసం పెట్టావు చూడు, అక్కడ నాకు మండింది.

ఫోర్డమ్ యూనివర్సిటీతో మ్యాచ్ ఎందుకు వదిలేశావు? న్యూయార్క్ దాకా వెళ్ళి ఆడారు, 32-26తో గట్టెక్కారు, మాట్సన్ రెండుసార్లు అవతలివాళ్ళు తన్నిన కిక్‌ఆఫ్ బంతి పట్టుకుని మైదానం ఆ చివరిదాకా పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఇంతకన్నా ఏం కావాలి నీకు? వాళ్ళ సొంత మైదానం కెజార్ స్టేడియం కూడా లేదు, గోల్డెన్ గేట్ పార్క్ పక్కనే, మంచు పొగ కమ్ముకొచ్చే చోటు.

ఎందుకు వదిలేశావో నాకు తెలుసులే, నీకు ఎవరో అలా నేర్పుంటారు. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు మా వైపు కాలేజీ కబడ్డీ టీమ్ మీద కథ రాసి ఒక వారపత్రికకి పంపితే ఆ ఎడిటర్ ఫైనల్ మ్యాచ్ మొత్తం ఎర్ర ఇంకుతో కొట్టేసి పంపాడు, ఆటలు స్పోర్ట్స్ పేజీకి, కథలో మానవ సంబంధాలుండాలి అని ఉత్తరం. కూత పెట్టి అవతలి గీత దాటి కాళ్ళు పట్టేస్తుంటే విదిలించుకుని వెనక్కొచ్చేవాడికీ వాడి కోసం ఊపిరి బిగబట్టి నిలబడ్డ ఆరుగురికీ మధ్య ఉన్నది ఏ సంబంధమో మరి ఆయనకే తెలియాలి. కథ వెనక్కి తీసుకున్నా, ఏళ్ళ తరబడి ట్రంకు పెట్టెలో పడుంది, చివరికి నా డబ్బుతో నేనే అచ్చేసుకున్నా. ఆ టీమ్‌లో రైడర్ ఒకాయన, చదువు పెద్దగా అబ్బలేదు, ఇంటికొచ్చి ఆ ఫైనల్ భాగం చదివించుకుని, మళ్ళీ చదవమన్నాడు. నాకొచ్చిన అవార్డు అదొక్కటే, చాలు. ఇప్పుడేమో పోటీలన్నీ "సామాజిక సందేశం ఉండాలి" అని ముందే షరతు పెడుతున్నాయి, కుర్రాళ్ళు సందేశంతో మొదలెట్టి మనుషుల్ని తర్వాత వెతుక్కుంటున్నారు. ఈ ఫ్యాషన్ తెలుగు కథకి చేసిన నష్టం చిన్నది కాదు.

ఇంకోటి. నీ కథలో ఆహ్వానం రాలేదు, అయిపోయింది. అవతలివాళ్ళకి ఏం దక్కిందో కూడా రాయి. స్టాక్‌టన్‌లో పసిఫిక్ కాలేజీ టీమ్‌ని వీళ్ళు 47-14తో చితక్కొట్టారు, ఆ ఓడిన టీమే 1952 జనవరిలో సన్ బౌల్ ఆడింది. ఆరెంజ్ బౌల్‌కి జార్జియా టెక్, బేలర్ వెళ్ళాయి. వీళ్ళు బలహీనమైన టీమ్‌లతో ఆడారు అనే సాకు కూడా ఉంది, దాన్ని దాచకు, దాచితే తెలిసిన పాఠకుడు నిన్ను నమ్మడు. పైగా కాలేజీకి టీమ్ నడపడానికి డబ్బుల్లేవు, బౌల్ ఆదాయం వస్తే నిలబడేదేమో, రాలేదు, ఆ సీజన్‌తో ఫుట్‌బాలే మూసేశారు. సెయింట్ క్లెయిర్‌కి ఇంకో ఏడాది ఆట మిగిలుంటే టల్సా యూనివర్సిటీకి పోయి ఆడాల్సొచ్చింది. "మేం రాం" అన్నందుకు కట్టిన ధర ఇది, నీ కథలో ఎక్కడా లేదు. తర్వాత మాట్సన్, మార్కెట్టి, సెయింట్ క్లెయిర్ ముగ్గురూ ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళారని, టాలర్ 1965లో ఎన్ఎఫ్ఎల్‌లో, అంటే అక్కడి ప్రొఫెషనల్ లీగ్‌లో, మైదానంలో తీర్పులిచ్చే మొదటి నల్లజాతి అఫీషియల్ అయ్యాడని చివర్లో ఊరడింపుగా రాశావు, అవి రెండు లైన్లు చాలు.

శాన్‌హోసే స్టేట్‌తో మొదటి మ్యాచ్ దగ్గర మొదలెట్టు. బౌల్ అన్న మాట పసిఫిక్ మ్యాచ్ దాకా రానివ్వకు. ముందు ఫోర్డమ్ దాకా రాసి పంపు, పోటీ గడువు దాటిపోతే పోనీ, దానికోసం తొందరపడి పాడుచేయకు. పాత మ్యాచ్ వీడియోలు దొరికితే సౌండ్ తీసేసి చూడు, బంతి ఉన్నవాణ్ణి కాదు, లైన్‌లో వాళ్ళ భుజాల్ని చూడు.

ఉంటాను,
అన్నయ్య