పేలుళ్లు ఆగాయంటే చర్యలు ఫలించినట్టేనా?

పేలుళ్లు లేని ఏళ్లను లెక్కపెడితే ఉగ్రవాద నిరోధక చర్యలు పనిచేశాయో లేదో తెలిసిపోదా అని అడిగారు. తెలియదండీ. 2007 ఆగస్టు 25న హైదరాబాద్‌లో లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు జరిగాయి. తర్వాత ఐదున్నరేళ్లు నగరంలో అంతటి ఘోరం లేదు. 2012 చివర్లో ఎవరైనా అడిగితే భద్రత బాగుందనే చెప్పేవాణ్ణి. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్ల మీద పెట్టిన బాంబులు పేలాయి. అప్పుడు నేను అక్కడే హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్నాను. 107 బస్టాప్ పక్కనే రోజూ టీ తాగేవాళ్లం. ఫోన్ కలవక ఆ రాత్రి అమ్మ పడ్డ టెన్షన్ ఇంకా మర్చిపోలేను.

ఆ ఏడాదే జనం ఎక్కువగా వచ్చే చోట్ల సీసీ కెమెరాలు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. కొన్నేళ్లకు మా కాలనీలో మేమూ చందాలేసుకుని ఎనిమిది పెట్టించాం. ఎన్ని పెట్టారని అడిగినవాళ్లే తప్ప, ఎన్ని పనిచేస్తున్నాయని అడిగినవాళ్లు లేరు. ఒక బండి పోయినప్పుడు చూస్తే ఎనిమిదిలో మూడు కెమెరాల్లోనే రికార్డింగ్ ఉంది. అప్పటినుంచి కెమెరాల లెక్క చూసి నేను ధైర్యపడను.

అరెస్టుల లెక్క కూడా అంతే. కోర్టులో నిలబడిన కేసులు చూడాలి. దిల్‌సుఖ్‌నగర్ కేసులో 2016 డిసెంబరులో ఐదుగురికి మరణశిక్ష పడింది, 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని సమర్థించింది. గోకుల్ చాట్, లుంబినీ కేసులో తీర్పుకే 11 ఏళ్లు పట్టింది. ఇక 2007 మే 18 నాటి మక్కా మసీదు పేలుడు తర్వాత పోలీసులు పట్టుకెళ్లిన కుర్రాళ్లు ఎందరో నిర్దోషులుగా బయటపడ్డారు. ప్రభుత్వమే పరిహారం ప్రకటించింది. తర్వాత విచారణ ఎదుర్కొన్నవాళ్లను కూడా 2018 ఏప్రిల్‌లో కోర్టు వదిలేసింది. అప్పట్లో అరెస్టులు మాత్రం చాలానే చూపించారు.

ఎవరూ కొలవనిది ఇంకొకటుంది, పోలీసుల మీద జనానికున్న నమ్మకం. నా రూమ్మేట్ ముస్లిం, కరీంనగర్ వాడు. పేలుళ్ల తర్వాత హాస్టల్ ఖాళీ చేయమన్నారు. రెండు నెలలు గది కోసం తిరిగాడు. ఫోన్లో ఉందన్న గది, పేరు చెప్పగానే "ఇప్పుడే ఇచ్చేశాం బాబూ" అయ్యేది. అనుమానంగా ఏదైనా కనిపిస్తే స్టేషన్‌కెళ్లి చెబుతారా అని ఏటా బస్తీల్లో అడిగి, జవాబులు రాసిపెట్టాలంటాను నేను. వాణ్ణి ఒకసారి అడిగాను. "చూసినా చెప్పనురా. ముందు నన్నే కూర్చోబెడతారు" అన్నాడు.