పీసీఓఎస్ ఉంటే అన్నం మానేయాల్సిందేనా?

ప్రశ్న: నా వయసు 26. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 74 కిలోలు. రైస్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ పని, పొద్దంతా కూర్చునే ఉంటాను. పెళ్లయి ఏడాదిన్నర అయింది. నెలసరి రెండున్నర, మూడు నెలలకోసారి వస్తోంది. గడ్డం కింద వెంట్రుకలు, మెడ మీద నలుపు ఉన్నాయి. స్కానింగ్‌లో రెండు అండాశయాల్లోనూ నీటిబుడగలు కనిపించాయని, పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) అని చెప్పారు. మెట్‌ఫార్మిన్ రాశారు గానీ, షుగర్ లేకుండా షుగర్ మాత్ర ఎందుకని వేసుకోలేదు. అన్నం బంద్ చేసి మూడు వారాలు జ్యూసులు, రాగి జావతోనే ఉన్నాను. 4 కిలోలు తగ్గాను, మళ్లీ మామూలుగా తినేసరికి 5 కిలోలు పెరిగాను. ఇప్పుడు జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది. అన్నం తినొచ్చా? ఏం తిని బరువు తగ్గాలి? పిల్లలు పుడతారా?
- ఓ సోదరి, మిర్యాలగూడ

జవాబు: అన్నం తినొచ్చమ్మా. ఇంటిల్లిపాదీ అన్నం తింటుంటే మీరొక్కరే జ్యూసు గ్లాసు పట్టుకుని కూర్చోవడం ఎన్నాళ్లు సాగుతుంది? సాగాల్సిన అవసరం కూడా లేదు. పీసీఓఎస్‌కు ఫలానా ఆహారమే మిగతావాటి కంటే మెరుగని చెప్పే ఆధారం లేదని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగానే చెప్పాయి. ఏడాది తర్వాత కూడా మీరు తినగలిగే తిండితో తగ్గిన బరువే నిలుస్తుంది. కాబట్టి అన్నం ఎంత తింటున్నారు, పక్కన ఏముంది, దేని తర్వాత తింటున్నారు అన్నవి సరిచేసుకుందాం.

ముందు మాత్ర సంగతి. మీ మెడ మీద నలుపు మురికి కాదు, ఎంత రుద్దినా పోదు. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా తయారవుతోందనడానికి అది గుర్తు. కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట సరిగా వినకపోతే, రక్తంలో చక్కెరను అదుపులో ఉంచడానికి క్లోమం మరింత ఇన్సులిన్ వదులుతుంది. అందుకే మీ షుగర్ రిపోర్టు ఇప్పటికి మామూలుగానే ఉండొచ్చు. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాలను ప్రేరేపించి పురుష హార్మోన్లను ఎక్కువగా తయారు చేయిస్తుంది. కాలేయంలో ఆ హార్మోన్లను పట్టి ఉంచే ప్రొటీన్ తయారీని కూడా తగ్గిస్తుంది. దాంతో గడ్డం మీద వెంట్రుకలు వస్తాయి, ఎదగాల్సిన అండం సగంలో ఆగిపోతుంది, నెలసరి తప్పుతుంది. స్కానింగ్‌లో కనిపించిన 'నీటిబుడగలు' అలా సగంలో ఆగిన అండాల సంచులే. వాటిని తీయించాల్సిన పని లేదు, అవి పోయాయా లేదా అని నెలనెలా స్కానింగ్ చేయించుకోవాల్సిన పనీ లేదు.

మెట్‌ఫార్మిన్ ఈ ఇన్సులిన్ సమస్య మీదే పనిచేస్తుంది కాబట్టి షుగర్ లేకపోయినా రాస్తారు. మొదట్లో వికారం, విరేచనాలు రావడం మామూలే. అందుకే 500 మిల్లీగ్రాములతో, రాత్రి భోజనం తర్వాత మొదలుపెట్టి, ఒకటి రెండు వారాలకోసారి మోతాదు పెంచుతారు. నిదానంగా కరిగే రకం మాత్ర అయితే కడుపు ఇబ్బంది తక్కువ. ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 విటమిన్ తగ్గే అవకాశం ఉంది, అప్పుడప్పుడూ పరీక్ష చేయించాలి. అయితే ఒక్క మెట్‌ఫార్మిన్‌తో బరువు పెద్దగా తగ్గదు. తిండి, నడక పక్కన ఉంటేనే దాని ఫలితం తెలుస్తుంది.

ఇక జుట్టు. మూడు వారాల జ్యూసుల్లో ప్రొటీన్ దాదాపు లేదు. అప్పుడు తగ్గిన 4 కిలోల్లో కొవ్వుతో పాటు నీరు, కండ కూడా ఉన్నాయి. అలాంటి కఠిన పథ్యం తర్వాత రెండు మూడు నెలలకు జుట్టు ఒక్కసారిగా రాలడం తరచూ చూసేదే. తిండి సరిగా మొదలుపెడితే కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) పరీక్షలు మాత్రం చేయించుకోండి.

రాగి జావ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ రోజుల్లో అందరూ ఇచ్చే సలహా అదే. తైదలు, అంటే రాగులు, మంచివే, కాల్షియం బాగా ఉంటుంది. కానీ మెత్తగా పట్టించిన పిండిని పల్చగా ఉడికించి, బెల్లం కలిపి తాగితే నమలాల్సిన పని లేక, అడ్డుపడే పీచు, ప్రొటీన్ అంతగా లేక చక్కెర వేగంగా రక్తంలోకి చేరుతుంది. రెండు చెంచాల బెల్లమంటే దగ్గర దగ్గర 75 క్యాలరీలు. పైగా గంటన్నరలో మళ్లీ ఆకలి. తైదలే కావాలంటే అంబలిని బెల్లం లేకుండా, చల్ల పోసుకుని, ఉల్లిగడ్డ నంజుకుంటూ తాగండి. పక్కన ఒక ఉడికించిన గుడ్డో, గుప్పెడు గుడాలో ఉండాలి. లేదా సంకటి చేసుకుని పప్పు, ఆకుకూరతో తినండి.

మీ ఎత్తు, బరువు, కూర్చుని చేసే పనికి రోజుకు 1,900 క్యాలరీల దాకా ఖర్చవుతాయి. 1,450 నుంచి 1,500 మధ్య తింటే నెలకు కిలోన్నర నుంచి రెండు కిలోలు తగ్గొచ్చు. ప్రొటీన్ 60 గ్రాములకు తగ్గకూడదు. దీన్ని మన వంటింటి లెక్కలోకి మారుస్తాను. 150 మిల్లీలీటర్లు పట్టే మామూలు స్టీలు గిన్నె ఒకటి కొలతకు పెట్టుకోండి. కప్పు, గరిటె ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు ఉంటాయి కాబట్టి వాటితో లెక్క తప్పుతుంది.

పొద్దున 60 గ్రాముల పొట్టు పెసర్లు నానబెట్టి రుబ్బితే రెండు పెసరట్లు. అందులోనే 14 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. అట్టుకు ఒక టీస్పూను నూనె చాలు. పల్లీ చట్నీ రెండు చెంచాలకు మించొద్దు. మరో రోజు ఒక జొన్నరొట్టె, రెండు గుడ్ల కూర. ఉప్మా తినే రోజు రవ్వ ఎంతో కూరగాయలు అంత వేయండి, పక్కన ఒక గుడ్డు పెట్టుకోండి. ఉత్త ఉప్మా, ఉత్త ఇడ్లీ తింటే పదకొండుకల్లా బిస్కెట్ ప్యాకెట్ వైపు చేయి పోతుంది.

మధ్యాహ్నం టిఫిన్ బాక్సులో వండిన అన్నం గోపురంగా నింపిన ఒక గిన్నె, అంటే సుమారు 150 గ్రాములు, 200 క్యాలరీలు. గట్టి పప్పు ఒక గిన్నె, కూర రెండు గిన్నెలు, పెరుగు ఒక గిన్నె. కూర అంటే ఆలుగడ్డ, చామగడ్డ లెక్కలోకి రావు. బీరకాయ, అనపకాయ, దొండకాయ, గోరుచిక్కుడు, పుంటికూర, తోటకూర లాంటివి. తినే వరుస కూడా ముఖ్యం. కూర సగం, పప్పు కొంత ముందు తినేసి, తర్వాత మిగిలిన కూరతో అన్నం కలుపుకోండి. అదే తిండి ఈ వరుసలో తింటే భోజనం తర్వాత చక్కెర తక్కువగా పెరుగుతుంది. తొక్కు, నెయ్యి వేసుకుని మొదటి ముద్ద మొదలుపెట్టే అలవాటుంటే అక్కడే అన్నం సగం అయిపోతుంది. పచ్చిపులుసు పర్వాలేదు గానీ, అది పల్చగా ఉండి అన్నాన్ని ఎక్కువ లాగుతుంది. ఆ రోజు అన్నం ముందే కొలిచి పెట్టుకోండి.

సాయంత్రం మిర్చి బజ్జీల బదులు 30 గ్రాముల బెబ్బర్లు లేదా శనిగలు నానబెట్టి ఉడికించిన గుడాలు. రోజుకు రెండు టీలు తాగితే, రెండేసి చెంచాల చక్కెర చొప్పున 20 గ్రాములు అక్కడే పోతుంది. వారానికి అర చెంచా తగ్గించుకుంటూ రండి, నెల తిరిగేసరికి చక్కెర లేని టీకి నాలుక అలవాటు పడుతుంది.

రాత్రి ఎనిమిదిలోపు రెండు జొన్నరొట్టెలు, కూర, దానితో రెండు గుడ్లు గానీ, 100 గ్రాముల చికెన్ గానీ, 30 గ్రాముల సోయా చంక్స్ గానీ. నల్లగొండ, పాలమూరు వైపు ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే. రొట్టె ఆరోగ్యానికి మంచిదని మూడు తిని, 'అన్నం తినకపోతే తిన్నట్టుండదు' అని చివర్లో పెరుగన్నం కలుపుకొంటారు. 40 గ్రాముల పిండితో చేసిన ఒక్కో రొట్టెలో 140 క్యాలరీల దాకా ఉంటాయి. రెండు రొట్టెలు తిన్నారంటే గిన్నెన్నర అన్నం తిన్నట్టే. జొన్నలో పీచు ఎక్కువ, కడుపు నిండుగా ఉంటుంది, అది నిజం. కానీ రొట్టె తిన్న పూట అన్నం వద్దు, అన్నం తిన్న పూట రొట్టె వద్దు.

నూనె ఎవరూ కొలవరు, బరువు తగ్గకపోవడానికి పెద్ద కారణం చాలాసార్లు అదే. ఒక టేబుల్‌స్పూను నూనెలో 120 క్యాలరీలకు పైనే. వంట చేసేటప్పుడు చెంచా లెక్క కుదరకపోతే నెల లెక్క చూడండి. మనిషికి నెలకు అర లీటరు, నలుగురున్న ఇంటికి రెండు లీటర్లు. మూడో లీటరు ప్యాకెట్ కొంటున్నారంటే కూరలో ఎంత పోతోందో అర్థమవుతుంది. పల్లీలు కూడా గుప్పెడు మించొద్దు, 30 గ్రాముల్లోనే 170 క్యాలరీలు.

పండ్లు మానొద్దు. నల్లగొండ బత్తాయి తొనలు ఒలుచుకుని ఒకటి తినండి. జ్యూసు తీస్తే గ్లాసుకు మూడు నాలుగు కాయలు పోతాయి, పీచు పిప్పిలో పోతుంది, దుకాణంలో అయితే పైన చక్కెర కూడా వేస్తారు. పాలమూరు సీతాఫలాల రోజుల్లో చిన్నది ఒకటి, గుడాల బదులు తినొచ్చు. ఇంట్లో బుట్ట నిండా ఉన్నాయని భోజనం తర్వాత రెండు మూడు తినడం మాత్రం వద్దు.

ఒక్కపొద్దు ఉండే అలవాటుంటే ఆ రోజూ జాగ్రత్త. పగలంతా ఖాళీ కడుపుతో ఉండి, రాత్రి పూరీలు, సగ్గుబియ్యం పాయసం తింటే మామూలు రోజు కంటే ఎక్కువే తిన్నట్టవుతుంది. ఒక్కపొద్దు ఉండాలనుకుంటే ఉండండి, విడిచేటప్పుడు మాత్రం ముందు పెరుగు, గుడాలు తినండి.

నడక వారానికి 250 నిమిషాల దాకా చేరాలి. ఒకేసారి గంట తీరిక దొరకదు కాబట్టి మధ్యాహ్నం, రాత్రి తిన్న పావుగంటకు 15 నిమిషాల చొప్పున, పొద్దున మరో పది నిమిషాలు నడవండి. తిన్న వెంటనే కండరాలు కదిలితే రక్తంలోని చక్కెరను ఇన్సులిన్ సాయం లేకుండానే కొంత లాక్కుంటాయి, మీకు కావాల్సింది అదే. ఎండాకాలంలో మధ్యాహ్నం మిల్లు ఆవరణలో తిరగొద్దు, నీడలో వరండాలోనే నడవండి. వారానికి రెండు రోజులు కండకు పని చెప్పాలి. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం 12 సార్లు, గోడకు చేతులానించి తోయడం 12 సార్లు, రెండు లీటర్ల నీళ్ల సీసాలు భుజాల పైకి ఎత్తడం 12 సార్లు. ఇవన్నీ మూడు విడతలు. ఈ భాగాన్ని చాలామంది వదిలేస్తారు. నడక ఒక్కటే చేసి తిండి తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, బరువు ఒకచోట ఆగిపోతుంది. ఆఫీసులో గంటకోసారి లేచి రెండు నిమిషాలు తిరగండి.

లక్ష్యం చిన్నదే పెట్టుకోండి. 74 కిలోల్లో 5 శాతం అంటే 3.7 కిలోలు. ఆ మాత్రం తగ్గినా చాలామందిలో నెలసరి దారిలో పడటం మొదలవుతుంది. ఆరేడు నెలల్లో 7 కిలోలు తగ్గితే ఇంకా మంచిది. బరువు వారానికి ఒక్కసారే, ఒకే రోజు, పొద్దున లేవగానే చూసుకోండి. నడుం చుట్టుకొలత నెలకోసారి రాసుకోండి, 80 సెంటీమీటర్లలోపుకు రావాలి. కొన్ని వారాలు బరువు కదలకపోయినా నడుం తగ్గుతుంటే మీరు సరైన దారిలోనే ఉన్నారు. గడ్డం వెంట్రుకలు మాత్రం తిండితో త్వరగా పోవు, మందులు వాడినా ఆరు నెలలు పడుతుంది. అప్పటిదాకా థ్రెడింగ్ చేయించుకుంటే తప్పేమీ లేదు, దానివల్ల వెంట్రుకలు మందమవుతాయన్నది అపోహ.

చేయించాల్సిన పరీక్షలు: 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చూసే షుగర్ పరీక్ష, కొలెస్ట్రాల్, థైరాయిడ్, ప్రొలాక్టిన్, టెస్టోస్టిరాన్, బీపీ. పరగడుపు షుగర్ ఒక్కటే చూస్తే పీసీఓఎస్‌లో చాలాసార్లు అసలు సంగతి బయటపడదు. ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించుకుంటే వీటిలో కొన్ని ఉచితంగానే అవుతాయి.

నెలసరి 90 రోజులు దాటినా రాకపోతే ముందు గర్భ పరీక్ష చేసుకుని, లేదని తేలితే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నెలల తరబడి రాకపోతే గర్భసంచి లోపలి పొర మందంగా పెరుగుతుంది, ఏళ్ల పాటు అలాగే వదిలేయడం ప్రమాదం. ప్రొజెస్టిరాన్ మాత్రలతో నెలసరిని రప్పిస్తారు. గొంతు బొంగురుపోవడం, కొద్ది నెలల్లోనే ఒళ్లంతా వెంట్రుకలు రావడం కనిపిస్తే అది మామూలు పీసీఓఎస్ కాకపోవచ్చు, ఆలస్యం చేయొద్దు.

పిల్లల విషయంలో బెంగ పెట్టుకోవద్దు. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి పిల్లలు పుడతారు. బరువు తగ్గాక కూడా అండం విడుదల కాకపోతే లెట్రోజోల్ మాత్రలు ఉన్నాయి. నెలసరి ఇంత దూరంగా వస్తున్నప్పుడు ఇంకా ఎదురుచూడొద్దు, ఇప్పుడే గైనకాలజిస్టును కలవండి. గర్భం కోసం ప్రయత్నిస్తుంటే ఈ రోజు నుంచే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టండి. రోజుకు కనీసం 400 మైక్రోగ్రాములు, మీ బరువును బట్టి ఎక్కువ కావాలా అన్నది డాక్టర్ చెప్తారు. బరువు తగ్గించే ఇంజెక్షన్లు ఈ సమయంలో వాడకూడదు. ఇప్పుడప్పుడే వద్దనుకుంటే గర్భనిరోధకం వాడండి. నెలసరి సరిగా రావట్లేదు కదా అని ధీమాగా ఉండొద్దు, బరువు తగ్గుతున్నప్పుడు, మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టాక అనుకోకుండా గర్భం రావచ్చు.

మొదటిసారి వెళ్లేటప్పుడే మీ వారిని కూడా తీసుకెళ్లండి. స్కానింగ్‌లో మీకు పీసీఓఎస్ అని తేలినంత మాత్రాన అటువైపు అంతా సవ్యంగా ఉందని అర్థం కాదు. వీర్య పరీక్షకు పెద్ద ఖర్చు లేదు. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి శాంపిల్ ఇస్తే చాలు. అండం విడుదలకు మీ మందులు మొదలయ్యే ముందే ఆ రిపోర్టు డాక్టర్ చేతిలో ఉండాలి.